తలనొప్పి తగ్గింది కానీ...

అసలు పేర్లు రాస్తే రాత్రికి నలుగురి ఇళ్ళల్లోనూ పొయ్యి వెలగదు. అందుకని మా మిత్రబృందాన్ని ఊళ్ళ పేర్లతోనే పరిచయం చేస్తాను. గుంటూరు బ్యాంకులో, భీమవరం కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పనిచేస్తారు. జగిత్యాల ఒక సంస్థలో డ్రైవరు. నేను కంప్యూటర్లలో ఎం.టెక్. వెలగబెట్టి, దుబాయిలో ఊరందరి సర్వర్లకూ వైద్యం చేస్తుంటాను. వయసు నలభైలు దాటినా బుద్ధి ఇరవైల దగ్గరే ఆగిపోయిన బాపతు.

2024లో నేషనల్ డేకి, శనాదివారాలతో కలిపి నాలుగు రోజులు సెలవులొచ్చాయి. మా ఆవిడా పిల్లలూ హైదరాబాదులో ఉన్నారు. ఇక అడిగేదెవరు? "ఫుజైరా పోదాం, అల్ అఖా బీచ్‌లో రెండు రాత్రులు" అన్నాడు భీమవరం. బండి నాది. తోలేది జగిత్యాల, ఎందుకంటే అతను తాగడు. ఈ ఒక్క అర్హతతోనే అతన్ని ప్రతి ట్రిప్పుకీ పిలుస్తున్నామని అప్పటిదాకా నాకు తట్టలేదు.

దారి పొడవునా ఒకటే గోల. హజర్ కొండలు కనిపించగానే గుంటూరు కిటికీ దించి పాట అందుకున్నాడు. ఫుజైరా ఊరు దాటి తీరం వెంట ఉత్తరంగా వెళ్తే ఖోర్‌ఫక్కాన్ వస్తుంది. అటూ ఇటూ ఫుజైరాయే అయినా ఆ ఊరు మాత్రం షార్జాది. షార్జాలో మద్యం పూర్తిగా నిషిద్ధమని మీకు చెప్పక్కర్లేదు.

"డిక్కీల ఆ డబ్బ ఏందన్నా?" అని అడిగాడు జగిత్యాల.

"కూల్‌డ్రింకులు" అన్నాను. మేం ముగ్గురం పగలబడి నవ్వాం. అతనూ నవ్వాడు.

ఆ రాత్రుల సంగతి వివరంగా రాయను. వెల్లకిలా పడుకున్న కార్టూన్ కుక్కలా ఉంటుందని పేరొచ్చిన స్నూపీ ఐలండ్‌ని ఉద్దేశించి, రెండో రాత్రి హోటల్ బాల్కనీలోంచి భీమవరం అరగంట ఉపన్యాసం ఇచ్చాడని మాత్రం చెప్తాను.

మంగళవారం ఉదయం ఆరింటికి లేచాను. తలలో ఎవరో రోకలితో దంచుతున్నారు. నోరు లివా ఎడారిలా ఉంది. పదకొండింటికి మావాళ్ళ విమానం దిగుతుంది. మిగతా ఇద్దర్నీ బియ్యం బస్తాల్లా వెనక సీట్లో పడేశాం.

"నువ్వు ఎద్దుబండి తోలినట్టు తోలతావు, నేనైతే గంటన్నరలో చేరుస్తా. తాళం ఇటివ్వు" అన్నాను.

"ఇయ్య అన్నా. నీది ఇంకా దిగలే. పిల్లల్ని ఎక్కించుకునే బండి ఇది."

"పన్నెండింటికే ఆపేశాం. ఆరు గంటలైంది!"

నా లెక్క తప్పని తర్వాత చదివితే తెలిసింది. మన కాలేయం గంటకి దాదాపు ఒక్క పెగ్గునే కరిగించగలదు. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా ఆ వేగం పెరగదు. ఆ లెక్కన నా ఒంట్లో సరుకు మధ్యాహ్నం దాకా ఉండేదే. ఇండియాలో నూరు మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల వెసులుబాటయినా ఉంది. ఇక్కడ సున్నా. 2025 మార్చి 29 నుంచి అమలైన కొత్త ట్రాఫిక్ చట్టం ప్రకారం, తాగి నడిపితే 20 వేల నుంచి లక్ష దిర్హాముల జరిమానా, జైలు, లేదా రెండూ.

ఇవన్నీ ఆ పొద్దున నాకు పట్టలేదు. నోటికొచ్చింది అనేశాను. "డ్రైవరువి డ్రైవరులా ఉండు."

అతను ఏమీ అనలేదు. తాళంచెవి చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకున్నాడు. కాసేపటికి వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

దిబ్బా దాటాం. మసాఫీ దగ్గర, వారమంతా తెరిచి ఉండే ఫ్రైడే మార్కెట్లో బండి ఆపి లబన్ తెచ్చాడు. అందులో ఉప్పు కలిపి నా చేతికిచ్చాడు. అప్పుడు మాట్లాడాడు.

"ఆ డబ్బల కూల్‌డ్రింకులు కావని ఖోర్‌ఫక్కాన్లనే నాకెరుక అన్నా. సీసాలు చప్పుడు చేస్తయి గద. పోలీసులు ఆపితే ముందు నన్నే అడుగుతరు. మీకు డిగ్రీలున్నయి, ఇంకో దేశం పోతరు. నాకున్నదంత గీ లైసెన్సే."

"మరి అప్పుడే అనలేదేం?"

"బండి నీది గదన్నా."

లబన్ గొంతు దిగలేదు. ఎయిర్‌పోర్టుకి అతనే తోలాడు. మావాళ్ళని ఇంటి దగ్గర దింపి, తాళంచెవి మా ఆవిడ చేతికిచ్చి, మెట్రో ఎక్కి వెళ్ళిపోయాడు. తలనొప్పి మధ్యాహ్నానికే తగ్గింది. నేనన్న మాట మాత్రం నాలుగు రోజులైనా దిగలేదు.

ఆ ఆదివారం అల్ ఖూజ్‌లో అతని గదికి వెళ్ళాను. ఎనిమిదేళ్ళ స్నేహంలో అదే మొదటిసారి. ఆరు మంచాల గది. తన మంచం మీద నన్ను కూర్చోబెట్టి చాయ్ పెట్టాడు. క్షమించమన్నాను. "పోనియ్ అన్నా" అన్నాడు. పోనిచ్చాడో లేదో నాకు తెలియదు.

సెలవులకి మీరూ బయల్దేరేటప్పుడు ఒక్క సంగతి చూసుకోండి: మీ సరదాకి పూచీకత్తుగా ఎవరి లైసెన్సు పెడుతున్నారో.

2025 రంజాన్ పండక్కి మళ్ళీ అదే దారిన వెళ్ళాం. ఈసారి బండి తోలింది నేను. డిక్కీలో పులిహోర, పుచ్చకాయలు తప్ప ఏమీ లేవు. జగిత్యాల పక్క సీటు వెనక్కి వాల్చుకుని, ఖోర్‌ఫక్కాన్ రాకముందే గుర్రుపెట్టి నిద్రపోయాడు.