పుదుపేట దారిలో తాతగారి బండి

చెన్నపట్నంలో మన తెలుగువారు చూడని కోవెల లేదు, తొక్కని వీధి లేదు. కాని దేవుడు లేని చోటికి ఏడాదిపాటు ప్రతి ఆదివారమూ తప్పకుండా యాత్ర చేసినవాళ్లు మన సంఘంలో మేమొక్కరమే కాబోలు. ఆ చోటు పుదుపేట. ఆ యాత్రకు కారణం మా తాతగారి బండి.

అది 1950 నాటి షెవర్లే పికప్పు. ముందు తోలేవాడి గది, వెనక కర్రపలకలు పరచిన తొట్టి. జనరల్ మోటార్సువారు 1928 నుంచి 1954 దాకా బొంబాయిలో భాగాలు తెప్పించి బండ్లు బిగించేవారు; మనదీ అక్కడిదేనని నాన్నగారంటారు. తాతగారు దాన్ని పాతదిగానే కొని, కొత్వాలు చావడికి కూరగాయల బుట్టలు తోలేవారు. కన్యకాపరమేశ్వరి దేవస్థానంవారి స్థలంలో నడిచిన ఆ బజారు సంగతి మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. 1996లో టోకు వ్యాపారం కోయంబేటికి తరలిపోయినప్పుడు బండికీ పని తప్పింది. అయనావరంలో మా ఇంటి వెనక పశువుల కొట్టంలో చేరి, ఎలుకలకు కాపురమయింది.

నాన్నగారికి ఎనభై దాటాయి. ఒకనాడు భోజనాల దగ్గర, "బండి చప్పుడు ఇంకొక్కసారి వినాలనుందిరా" అన్నారు. ఆ మాట మీద అన్నయ్యా మేమూ కొట్టం తలుపు తీశాము.

పురసవాకం మీదుగా ఎగ్మూరు దాటితే కూవం ఒడ్డున పుదుపేట వస్తుంది. ముక్కలైన మోటార్ల లోకమది. ఒక కొట్టు నిండా తలుపులే, పక్క కొట్టు నిండా గేరు పెట్టెలే, ఆ పైది అద్దాలకు, దీపాలకు. నూనె, తుప్పు, టీ కలిసిన వాసన. మనకు కావలసిన సామాను పేరు చెబితే కొట్టువాడు లేవడు. కూర్చున్నచోటినుంచే ఒక కుర్రవాణ్ణి ఏ మూల గుట్టలోకో తోలతాడు. పావుగంటలో సామాను వస్తుంది, లేదా "వచ్చే వారం రండి" అనే మాట వస్తుంది. అక్కడ దొరకని రబ్బరు సామాను కోసం జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు నడిచేవాళ్లం.

ఈ ఊరికి మోటార్ల విద్య ఈనాటిది కాదు. మౌంటు రోడ్డులో గుర్రపు బగ్గీలు కట్టిన సింప్సను కంపెనీలో శామ్యూల్ గ్రీన్ అనే ఆయన 1903లో ఆవిరి కారు తయారుచేశాడు. 1948లో ఎన్నూరులో అశోక్ మోటార్సు వెలసి, 1955లో అశోక్ లేలండు అయింది. వండలూరు దగ్గర స్టాండర్డు కార్లు చేసేవారు. అది మూతబడి చాలాకాలమయింది. బండ్లు కట్టే ఊళ్లోనే వాటిని విప్పే పేట కూడా ఉండడం సహజమే.

ఇంజను విప్పగానే ఇంట్లో తగువు మొదలయింది. ఆరు సిలిండర్లు, 216 ఘనపు అంగుళాలు, అనగా సుమారు మూడున్నర లీటర్ల ఇంజను. ఇప్పటి ఇంజన్లలో బేరింగులు విడి రేకులుగా వస్తాయి, అరిగితే మార్చవచ్చు. దీనిలో అట్లా కాదు. కనెక్టింగు రాడ్డులోనే తగరం కలిసిన తెల్లలోహం కరిగించి పోసి, తరువాత కొలతకు తొలవాలి. రాడ్డు అడుగున చిన్న గరిటె ఉంటుంది. అది తిరుగుతూ నూనెను చిమ్మి బేరింగును తడుపుతుంది. నూనె తగ్గినా, బండిని అదేపనిగా అదిలించినా ఆ లోహం కరిగిపోతుంది. మా బండిలో రెండు రాడ్లకు అదే జరిగింది.

"ఈ పోతపని ఇప్పుడెవడు చేస్తాడురా? ఒక డీజిలు ఇంజను దింపుదాం, పీడా పోతుంది" అన్నాడు అన్నయ్య. ఆ రోజుల్లో ఎందరో అట్లాగే చేశారు గనుక ఆయన మాట తీసివేయదగినది కాదు. మేము ఆఫీసు గుమాస్తాలం. మాకు తెలిసినది కాగితం. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు తెచ్చిన నిబంధనలు చదివి వినిపించాము. 50 ఏళ్లు దాటిన వాహనాన్ని ఆ తరగతిలో కొత్తగా నమోదు చేయాలంటే 20,000 రూపాయలు; పత్రం 10 ఏళ్లు చెల్లుతుంది. కాని చట్రమూ, బాడీ, ఇంజనూ పెద్ద మార్పు లేక మొదటి రూపంలో ఉండాలి. వ్యాపారానికి వాడరాదు, ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో తప్ప ఊరికే తిప్పరాదు. అన్నయ్య విని, "అయితే ఇది బండా, బొమ్మా?" అన్నాడు. మాకు జవాబు తోచలేదు.

పుదుపేటలోనే ఒక ముసలి మేస్త్రీ పోతపని ఒప్పుకున్నాడు. మూడు నెలలు పట్టింది. ఇంజను మళ్లీ పలికిన రోజున నాన్నగారు పక్క సీటులో కూర్చున్నారు. అన్నయ్య బండిని మెల్లగా పెరటినుంచి వాకిలికి దింపాడు. గేటు దగ్గర అన్నయ్య కొడుకు ఫోటో తీస్తూ నిలుచున్నాడు. బ్రేకు తొక్కితే పెడలు నేలకంటింది. నాన్నగారు మారుమాట లేకుండా వంగి చేతిబ్రేకు లాగారు. బండి పిల్లవాడికి మూరెడు దూరంలో ఆగింది.

ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు. ఒక చక్రం దగ్గర బ్రేకు నూనె కారింది. పాతకాలపు మాస్టరు సిలిండరుకు గది ఒక్కటే గనుక ఒకచోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. తప్పు మాదే: ఇంజను మోజులో పడి బ్రేకులను తుడిచి ఊరుకున్నాము.

దానితో తగువు తీరింది. ప్రాణానికి సంబంధించినవి మార్చాము. రెండు గదుల మాస్టరు సిలిండరు వేశాము. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి. సీటు బెల్టులు కట్టాము. ఇప్పటి పెట్రోలులో ఇరవై పాళ్ల ఎథనాలు కలుస్తున్నది, అది పాత రబ్బరును తినేస్తుంది. గనుక పెట్రోలు గొట్టాలు, పంపులోని పొర కొత్తవి వేయించాము. ఇంజను, ముఖం, రంగు మాత్రం ఉన్నట్లే ఉంచాము. ఆరు వోల్టుల బ్యాటరీ కూడా మార్చలేదు. పన్నెండు వోల్టులతో పోలిస్తే దానికి రెట్టింపు కరెంటు పారాలి, తీగ లావుగా ఉండాలి. ఎవరో సన్నతీగ వేసినందునే దీపాలు గుడ్డివయ్యాయని అప్పుడు తెలిసింది.

తొట్టి పలకలు పుచ్చిపోయాయి. టేకువి కొత్తగా వేయిస్తుండగా నాన్నగారు ఒక పాత పలకను తడిమి, దీన్ని పారేయవద్దన్నారు. దాని మీద ఉలితో చెక్కిన తెలుగు అంకెలున్నాయి, ఒకటి మొదలు పది దాకా. బుట్టల లెక్కకు తాతగారు చెక్కినవట. "నేను అంకెలు నేర్చింది దీని మీదేరా" అన్నారు. ఆ పలకను దాని చోటనే బిగించాము.

ఇక ఆఫీసు దరఖాస్తు మిగిలింది. అది మంజూరయ్యేదాకా ఆదివారం ఉదయం పెరట్లోనే అయిదు నిమిషాలు ఇంజను తిప్పుతాము. నాన్నగారు కాఫీ గ్లాసు పట్టుకుని పక్క సీటులో కూర్చుంటారు. చెయ్యి మాత్రం చేతిబ్రేకు మీదే ఉంటుంది.