ఆర్నెల్ల ప్రోగ్రెస్ రిపోర్టూ, పత్తి చేలూ

సేవా క్లబ్బులకి కొత్త సంవత్సరం జులై ఒకటిన వస్తుంది. మనకి ఉగాది ఎలాగో వాళ్ళకి అది అలాగన్నమాట. రోటరీ అయినా లయన్స్ అయినా లెక్క ఒకటే, జులై 1 నుంచి జూన్ 30 దాకా. ఆ రోజుతో ప్రెసిడెంటు మారతాడు, సెక్రటరీ మారతాడు, కోటు మీద పిన్ను మారుతుంది, ఫ్లెక్సీ మీద ఫోటో మారుతుంది. రెండూ పుట్టింది చికాగోలోనే. ఒకటి 1905లో పాల్ హారిస్ అనే లాయరు మొదలుపెట్టాడు, రెండోది 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి పూనుకుంటే వచ్చింది. మాది వీటిలో ఏదో అడక్కండి, చెప్పను. చెప్తే మావాళ్ళు నన్ను క్లబ్బులోంచి తీసెయ్యకపోవచ్చు గానీ, వచ్చే ఏడాదికి సెక్రటరీని చేసేస్తారు. అది ఇంకా పెద్ద శిక్ష :)

జులైలో లక్ష్యాలు రాసుకుంటారు. డిసెంబరు అయ్యేసరికి సగం ఏడాది అయిపోతుంది కాబట్టి ఆర్నెల్ల రిపోర్టు పైకి పంపాలి. మన ఆఫీసుల్లో మిడ్ ఇయర్ రివ్యూ ఉంటుంది చూశారూ, అచ్చం అదే. "సాఫ్ట్‌వేర్ కదా, నీకు ఎక్సెల్ వచ్చు కదా" అని ఈసారి రిపోర్టు పని నాకు అప్పజెప్పారు. పదిహేనేళ్ళుగా జావా రాస్తున్నా, మా క్లబ్బులో నాకున్న పేరు మాత్రం ఎక్సెల్ వచ్చిన అబ్బాయనే.

లక్ష్యాలు మామూలువే. సభ్యుల సంఖ్య, ఫౌండేషనుకి విరాళం, రక్తదానం, మొక్కలు, కంటి క్యాంపులు.

సభ్యుల లెక్కలో ఒక తమాషా ఉంది. పైవాళ్ళకి కట్టాల్సిన చందా ఆర్నెల్లకోసారి, జులైలోనూ జనవరిలోనూ, తలకింత అని వస్తుంది. అందుకని డిసెంబరు నెలాఖరుకి మీటింగులకి రానివాళ్ళ పేర్లు రాలిపోతాయి. మళ్ళీ ఎండాకాలంలో ఎవరో ఒకరి బావమరిదిని చేర్చుకుంటారు. ఏ తారీకున లెక్కపెట్టామన్నదాన్ని బట్టి మేము ఎదుగుతున్నామా తరుగుతున్నామా అన్నది తేలుతుంది. రక్తదానం లక్ష్యమేమో అక్టోబరు 2న ఒక్కరోజులో పూర్తయిపోయింది. కానీ ఎర్రకణాలు నిలవుండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఊళ్ళో క్లబ్బులన్నీ గాంధీ జయంతి రోజునే రక్తం ఇస్తే ఏప్రిల్లో అడిగేవాడికి ఏమిస్తారో మీరే ఆలోచించండి. మొక్కల గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కూడా నాటినవాటిలో 85 శాతం బతకాలని చెప్తుంది. మా ఫారంలో మాత్రం "నాటినవి" అన్న గడి ఒక్కటే ఉంది.

అసలు విషయం కంటి క్యాంపులు. ఏడాదికి నాలుగు పెట్టాలని లక్ష్యం. ఆర్నెల్లలో రెండయ్యాయి. అంటే సరిగ్గా యాభై శాతం, డాష్‌బోర్డులో పచ్చరంగు. ప్రెసిడెంటు గారు చూసి "బ్రహ్మాండం, పంపించెయ్" అన్నారు.

పంపేముందు ఆసుపత్రి వాళ్ళ జాబితాలూ మా జాబితాలూ పక్కపక్కన పెట్టి వీలుకప్ కొట్టాను. అలవాటు, ఊరుకోలేం కదా. రెండు క్యాంపుల్లోనూ కలిపి శుక్లం ముదిరింది, ఆపరేషను చెయ్యాలి అని చీటీ రాసిచ్చింది 61 మందికి. ఆపరేషను అయినవాళ్ళు 23 మంది. మిగిలిన 38 మంది ఏమయ్యారో ఏ ఫైల్లోనూ లేదు. ఫారంలో కూడా వాళ్ళకి గడి లేదు. "లబ్ధిదారులు" అన్న గడిలో క్యాంపుకొచ్చి కళ్ళు చూపించుకున్న ప్రతివాళ్ళూ ఉన్నారు, ఆ 38 మందితో సహా. టెస్టర్ బగ్ కనిపెట్టి టికెట్ రాస్తే, ఎవరూ ఫిక్స్ చెయ్యకుండానే ఆ టికెట్‌ని డెలివరీలో కలిపేసుకున్నట్టుంది.

ఆపరేషనుకి పైసా ఖర్చు లేదు. లెన్సు ఉచితం, మందులు ఉచితం. మరి ఎందుకు వెళ్ళలేదు? ఒక శనివారం పొద్దున్నే కూర్చుని ఫోన్లు చేశాను. క్యాంపులు రెండూ నల్గొండ జిల్లాలో, దేవరకొండ వైపు పల్లెల్లో జరిగాయి. ఫోను ఎత్తినవాళ్ళు 27 మంది.

ఒక పెద్దమ్మ చెప్పింది, "పత్తి ఏరుడు నడుస్తుంది కొడుకా. గిప్పుడు పోయి పండుకుంటే కూలి ఎవలిస్తరు? సంక్రాంతి ఎల్లినంక జూద్దాం." మేము క్యాంపులు పెట్టింది సెప్టెంబరులోనూ అక్టోబరులోనూ. ఆ తర్వాత ఆ పల్లెల్లో ఎవరికీ తీరిక ఉండదు. ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు దుమ్ములోకి వెళ్ళొద్దు, బరువులు ఎత్తొద్దు అంటారు. పత్తి చేలో దుమ్ము లేకుండా ఎలా కుదురుతుంది? మా క్యాంపు తేదీలు ఎలా ఖాయమయ్యాయో నాకు తెలుసు. గవర్నరు గారు క్లబ్బుకి వచ్చే రోజు చూసుకుని పెట్టాం. పత్తి మా క్యాలెండర్లో లేదు.

ఇంకొకాయన "ఒక కన్ను మంచిగనే కనవడ్తది సారూ, నాకు గది సాలు" అన్నాడు. ముగ్గురు ఆసుపత్రి దాకా వెళ్ళారట, షుగరు ఎక్కువుంది, బీపీ ఎక్కువుంది, తగ్గించుకుని రండి అని పంపేస్తే మళ్ళీ వెళ్ళలేదు. తగ్గించుకోవడం ఎలాగో చెప్పినవాళ్ళు లేరు. చాలామందికి తోడు రావడానికి మనిషి లేడు. కొడుకు వస్తే కొడుక్కి రెండు రోజుల కూలి పోతుంది. ఉచితం అని మనం రాసుకున్నది వాళ్ళ లెక్కలో ఉచితం కాదు.

జాబితాలో ఒక ముసలాయన పేరు పక్కన ఉన్న నంబరు ఆయన కొడుకుది. అతను హైదరాబాదులోనే ఉంటాడు, గచ్చిబౌలిలో ఒక ఐటీ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. మనం రోజూ బ్యాడ్జి చూపించి లోపలికెళ్తామే, అలాంటి గేటు. తండ్రికి ఆపరేషను చెయ్యాలన్నారనే అతనికి తెలీదు. "మా నాయిన అద్దాలిచ్చిండ్రు అన్నడు సార్, గంతే" అన్నాడు. 2018లోనూ మళ్ళీ 2023లోనూ కంటి వెలుగు పేరుతో ప్రభుత్వం ఊరూరా కళ్ళు చూసింది, అద్దాలిచ్చింది. కాబట్టి ఆ పల్లెలకి కళ్ళు పరీక్ష చెయ్యడం కొత్త కాదు. మేము ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళి చేస్తున్నది, వాళ్ళకి తక్కువేమీ లేని పనిని.

ఇదేదో నేను కనిపెట్టిన సంగతేం కాదు. మదురైలో డాక్టర్ వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి వాళ్ళు క్యాంపులో శుక్లం తేలినవాళ్ళని అట్నుంచటే బస్సెక్కించి తీసుకెళ్ళి, అన్నం పెట్టి, ఆపరేషను చేసి, తిరిగి ఊళ్ళో దింపుతారు. చీటీ రాసిచ్చి "తర్వాత రండి" అంటే రారని వాళ్ళకి బాగా తెలుసు.

క్లబ్బుల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. పోలియో. రోటరీ 1985లో పోలియో మీద పెద్ద ఎత్తున పని మొదలెట్టింది. మనదేశంలో పల్స్ పోలియో 1995లో వచ్చింది. పిల్లల ఎడమచేతి చిటికెన వేలికి ఇంకు గుర్తు మీకూ గుర్తుండే ఉంటుంది. దాంతోపాటు ఇళ్ళ గోడల మీద సుద్దముక్కతో గుర్తులు కూడా వేసేవాళ్ళు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటికి ఇంగ్లీషు పి అక్షరం. ఒక్కరైనా మిగిలిపోతే ఇంటూ గుర్తు. ఆ ఇంటూ ఇళ్ళకి మళ్ళీ వెళ్ళేవాళ్ళు. ఎంతమందికి వేశాం అన్న లెక్కతో సరిపెట్టుకోకుండా ఏ ఇంట్లో ఎవరు మిగిలారు అన్నది కూడా రాసుకున్నారు. 2009లో మనదేశంలో 741 కేసులు. 2010లో 42. 2011లో ఒకే ఒక్కటి, జనవరి 13న హౌరాలో. ఆ తర్వాత లేవు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చింది. సుద్దముక్కతో చేసిన ట్రాకింగ్ సిస్టమ్ అది. మన జిరాలో ఇంత శ్రద్ధగా రీఓపెన్ చెయ్యడం నేనింతవరకూ చూడలేదు.

సరే, బోర్డు మీటింగులో చెప్పాను. నాలుగో క్యాంపు మానేద్దాం, మూడోది ఫిబ్రవరికి జరుపుదాం, మిగిలిన డబ్బుతో వ్యాన్లు పెట్టి ఈ 38 మందినీ తీసుకెళ్దాం. కంటి క్యాంపుల గడికి ఎరుపు వెయ్యాలి అని కూడా అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

మా ట్రెజరర్ గారు బ్యాంకులో రిటైరైన పెద్దాయన, మాట మెత్తగా ఉంటుంది. "బాబూ, క్యాంపంటే ఫోటో ఉంటుంది, దాతకి చూపిస్తాం, ఆయన ఇంకో చెక్కు రాస్తాడు. వ్యానుకి డీజిలు పోయించాం అంటే ఎవడు రాస్తాడు?" అన్నారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ఆ చెక్కులు లేకపోతే ఆ 23 ఆపరేషన్లు కూడా లేవు. ప్రెసిడెంటు గారి బాధ వేరు. ఆయనకి మిగిలింది ఆర్నెల్లే, నాలుగు అని జులైలో స్టేజి మీద చెప్పారు. "మూడే చేస్తే పక్క క్లబ్బు వాళ్ళు ఏమనుకుంటారండీ?" అన్నారు. పాపం ఆయనా తన సొంత డబ్బు చాలానే పెట్టారు. అయినా నాకు మాత్రం నాలుగో క్యాంపంటే ఇంకో ముప్ఫై చీటీలు రాసివ్వడం అనే అనిపిస్తుంది.

గంటన్నర తర్వాత తేలిందేమిటంటే, నాలుగో క్యాంపు లక్ష్యం కాగితం మీద ఉంటుంది, వ్యానుకి మాత్రం క్యాంపుల డబ్బులోంచే ఇస్తారు. కూలి డబ్బులు ఇవ్వడం కుదరదన్నారు, ఆడిట్లో అడుగుతారట. దానికొక ఉపాయం దొరికింది. ఒకే ఊరివాళ్ళని ముగ్గుర్ని కలిపి పంపితే ముగ్గురికీ ఒక తోడు సరిపోతుంది. బీపీ, షుగరు ఉన్నవాళ్ళని ముందు వాళ్ళ మండలంలో పీహెచ్‌సీకి పంపాలి, ఆ ముగ్గురికీ ఫోను చేసే బాధ్యత మా క్లబ్బులో ఒక ఫార్మసీ ఆయన తీసుకున్నారు. రంగు ఎరుపు కాలేదు, పసుపు దగ్గర రాజీ పడ్డాం. ఫారంలో "రిమార్కులు" అన్న చిన్న గడి ఉంటే అందులో "చికిత్స అందాల్సినవారు: 38" అని రాశాను. సెక్రటరీ గారు దాన్ని చెరపకుండానే పంపించారు.

మొదటి వ్యాను సంక్రాంతి వెళ్ళాక సోమవారం. ఇప్పటిదాకా వస్తామన్నవాళ్ళు 11 మంది. పత్తి పెద్దమ్మ ఇంకా ఏమీ తేల్చలేదు, పక్కింటామె వస్తే వస్తుందట. గచ్చిబౌలి అబ్బాయి ఆ రోజుకి షిఫ్టు మార్చుకున్నాడు. తండ్రితో పాటు అదే ఊరి ఇంకో ఇద్దరికి తోడుంటానన్నాడు, కాకపోతే వ్యాను పొద్దున ఆరింటికల్లా ఊళ్ళో ఉండాలి, ఆలస్యమైతే ముసలోళ్ళు చేలకి వెళ్ళిపోతారు అని రెండుసార్లు చెప్పాడు. డ్రైవరుకి అయిదున్నర అని చెప్పి పెట్టాను.