లింకు నొక్కిన రాత్రి

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిండని సంపాదకులు కోరినప్పుడెల్ల, కాలపాలనమును గూర్చియో గ్రంథపఠనమును గూర్చియో నాలుగు పుటలు వ్రాసి యిచ్చుట నాకు వాడుక. ఈ యేడు అట్లు చేయుటకు మనసొప్పలేదు. గడచిన నవంబరు మాసమున నాకు సంభవించిన యొక స్వల్పవిషయము నన్ను రెండు రాత్రులు నిద్రకు దూరము చేసెను. దానినే వ్రాయుచున్నాను. ఇందు నా యవివేకము కొంత బయలుపడును. తలిదండ్రులును తోడి యుపాధ్యాయులును మన్నింతురు గాక. విద్యార్థులు నవ్వుకొన్నను నాకు కోపము లేదు.

మా యమ్మాయి గుంటూరులో నర్సింగు చదువుచున్నది. ఆమెకు కావలసిన పుస్తకములు కొన్ని ఆన్‌లైనులో తెప్పింప నెంచి సొమ్ము చెల్లించి యుంటిమి. వారమైనను పార్సెలు రాలేదు. ఒకనాటి రాత్రి భోజనమైన పిమ్మట నేను టాబ్లెట్టుపై పదవ తరగతి మార్కులు ఎక్కించుచుండగా వాట్సాపున నొక సందేశము వచ్చెను. మీ పార్సెలు గిడ్డంగికి చేరినది, చిరునామా సరిగా లేనందున అందజేయలేకపోతిమి, 12 గంటలలోగా ఈ లింకు నొక్కి సరిచేయుడు, అని దాని సారము. తెలియని లింకులను ముట్టరాదని తరగతిలో నేనెన్ని మారులు చెప్పియుంటినో నాకే లెక్క తెలియదు. కాని దేనికొరకైన నెదురుచూచువానికి అక్షరములు తాను కోరినట్లే కనబడును. నొక్కితిని.

ఒక పుట తెరచుకొని, కన్ను మూసి తెరచునంతలో మరియొక పుట వచ్చెను. దాని వెనుక ఎఱ్ఱని తెర. మీ యంత్రములో 13 వైరసులు గలవు, ఒక్క నిమిషములో శుద్ధి చేయనిచో బ్యాంకు వివరములన్నియు పోవును, అని పెద్ద యక్షరములు. ప్రక్కన క్షణములు తరుగుచున్న అంకెలు. టాబ్లెట్టు చేతిలో వణకుచుండెను. పైయంచున ఏదో ఫైలు దిగుచున్న గుర్తు కనబడెను. మధ్యలో నొక చిన్న పెట్టె ఏదో అడిగెను. దానిని తొలగింపబోయి తడబాటున ఎక్కడ నొక్కితినో నాకు జ్ఞాపకము లేదు. తేలును చూచినవాడు చెంబు బోర్లించినట్లు టాబ్లెట్టు మూత వేసి, పుస్తకములక్రింద పెట్టితిని.

ఆ టాబ్లెట్టు నాది కాదు, పాఠశాలది. అందు 62 మంది పిల్లల మార్కులు, వారి తలిదండ్రుల ఫోను సంఖ్యలు గలవు. నా మెయిలు అందులో తెరచి యుండెను. ఆ మెయిలు ఖాతాయే నా ఫోనులోను గలదు. ఆ ఫోనులోనే బ్యాంకు ఆపు గలదు. ఆ ఖాతాలో అమ్మాయి రెండవ వాయిదా రుసుము 45,000 రూపాయలు నెలాఖరుకు కట్టుటకై దాచి యుంటిమి. ఒకదాని వెంట నొకటి ఇవన్నియు గొలుసువలె నా మనస్సున కదలుచుండెను. కుటుంబ ప్రార్థన సమయమున నా పెదవులు మాత్రమే కదలినవి. "ఏమండీ, ఒంట్లో బాగుండలేదా?" అని నా భార్య అడుగగా, తలనొప్పి యని చెప్పితిని. ఆమె తైలము తెచ్చి రాచెను. ఆ తైలపు వాసనకు నాకు సిగ్గు మఱింత హెచ్చెను.

ఎందుకు చెప్పలేకపోతిని? నష్టభయము కంటె నవ్వుబాటు భయమే ఎక్కువగా నుండెనని ఒప్పుకొనవలెను. ఉదయ సమావేశమున ఈ విషయముపై ఉపన్యసించిన వాడను నేనే గదా!

రెండు గంటలు కొట్టిన తరువాత ఒక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. వాని పేరు వ్రాయను. క్రిందటి సంవత్సరము వాడు తొమ్మిదవ తరగతి. ఒకనాడు విరామ సమయమున నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, ఉపకారవేతనము వచ్చునని మా నాన్న ఫోనులో ఒక లింకు..." అని మొదలుపెట్టెను. నేను జవాబు పత్రములు దిద్దుచుంటిని. వాక్యము ముగియనీయక, "బుద్ధి యున్నదా నీకు? ఎన్నిసార్లు చెప్పితిని?" అని పదిమంది యెదుట కసరితిని. వాడు నోరు మూసికొని పోయెను. ఇంటివద్దను చెప్పలేదు. ఆ లింకు వలన దిగిన ఆపును వాడు నెలకొల్పి యుండెను, సందేశములు చదువుటకు దానికి అనుమతియు ఇచ్చి యుండెను. మూడవనాడు వాని తండ్రి ఖాతానుండి 9,400 రూపాయలు పోయెను. ఆయన రొయ్యల చెరువు కావలివాడు. 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేసినచో, సొమ్ము చేతులు మారక మునుపే బ్యాంకులు నిలుపుటకు వీలుండును. ఆలస్యమైన కొలది ఆ వీలు సన్నగిలును. సొమ్ము పోయిన సంగతి ఆయన తెలిసికొనునప్పటికే అది ఎక్కడికో తరలిపోయెను. లింకు నొక్కిన నాడే వాని మాట నేను వినియుండినచో పోకనే యుండెడిదేమో!

శిక్షణ కళాశాలలో మాకొక ప్రశ్న యుండెడిది: తన తప్పు చెప్పుకొన వచ్చిన విద్యార్థియెడ ఉపాధ్యాయుడు మెలగవలసిన తీరెట్టిది? నేను నాలుగు పుటలు వ్రాసితిని. మంచి మార్కులే వచ్చినవి.

తెల్లవారగనే కంప్యూటరు గదికి పోతిని. ఆ గదిని చూచుకొను యువకుడు పదునైదేండ్ల క్రిందట నాయొద్ద చదువుకొన్నవాడే. నా ముఖము చూచి వాడు నవ్వలేదు. అందుకు వానికి ఋణపడియున్నాను. "మాస్టారూ, రెండే ప్రశ్నలు. ఆ పుటలో కార్డు సంఖ్యగాని పాస్‌వర్డుగాని టైపు చేసితిరా? దిగిన ఫైలును తెరచి ఇన్‌స్టాలు అంటిరా?" అని యడిగెను. రెండును లేదంటిని. వాడు కుర్చీ చూపెను.

వాడు చెప్పిన దానిని నాకు తెలిసినంతలో వ్రాయుదును. లింకు నొక్కినంతమాత్రమున సాధారణముగా ఒక పుట తెరచుకొనును, అంతే. ఆండ్రాయిడ్ యంత్రములో ప్రతి ఆపునకును వేరొక గది గలదు. ఒకటి మరియొకదాని గదిలోనికి సెలవు లేక పోజాలదు. బ్రౌజరులోని పుట తనంతట తానొక ఆపును నెలకొల్పజాలదు. ఏ.పీ.కే. యను తోక గల ఫైలు దిగవచ్చును గాని, దానిని మనము తెరువవలెను, యంత్రము చేయు హెచ్చరికను త్రోసివేయవలెను, ఇన్‌స్టాలు అనవలెను, పిమ్మట సందేశములు చూచుటకు అనుమతి యీయవలెను. ఇన్ని తలుపులను మనచేతనే తెరిపించుటయే మోసగాండ్ర విద్య. ఇక 13 వైరసుల మాట శుద్ధాబద్ధము. వెబ్ పుటకు మన యంత్రపు లోపలిభాగమును పరీక్షించు శక్తియే లేదు.

మరి నొక్కినంతనే హాని కలిగిన సందర్భములు లేవా యంటిని. గలవనెను. 2016వ సంవత్సరమున అరబ్ ఎమిరేట్స్‌లో మానవహక్కులకై పాటుపడు అహ్మద్ మన్సూర్ అను నాతనికి అట్టి లింకు వచ్చెను. ఆయన నొక్కక, టొరాంటో విశ్వవిద్యాలయమునందలి సిటిజన్ ల్యాబ్ వారికి పంపెను. నొక్కియుండినచో ఐఫోను మూడు లోపముల గుండ పరుల వశమై యుండెడిది. ఆపిల్ వారు ఆ యాగస్టులోనే ఆ లోపములను సవరించిరి. అట్టి యాయుధములు మిక్కిలి వెలగలవి, మనవంటివారిపై సాధారణముగా ప్రయోగింపబడవు. అయినను అప్‌డేట్లు ఎందుకో నాకు ఆనాడే బోధపడెను. మా టాబ్లెట్టుకు భద్రతా సవరణ వచ్చి రెండేండ్లు దాటినదని సెట్టింగులలో కనబడెను. ఆ చింత నాకిప్పటికిని పూర్తిగా తీరలేదు. బ్యాంకు పనికి సంబంధించిన దేదియు దానిపై చేయను.

వాడు దిగిన ఫైలును తీసివేసెను, ప్లే ప్రొటెక్ట్ చేత వెదకించెను, ఆపుల పట్టికను నాచేతనే ఆమూలాగ్రము చదివించెను. నేను ఫోనునుండి మెయిలు పాస్‌వర్డు మార్చుకొంటిని. ఇంటికి పోయి మా వారందరికిని జరిగినది చెప్పితిని. మా తల్లిగారు సగమే విని, "టాబ్లెట్టు చెడిపోయిన పారవేయరాదటరా, మందులకొట్టులో మరొకటి దొరకదా?" అనిరి.

కాని నాటి సాయంకాలము టాబ్లెట్టు తెరచినంతనే మూలనుండి మరల నొక హెచ్చరిక పైకి లేచెను: వైరసు కనుగొనబడినది. నాకు చెమటలు పట్టెను. కంప్యూటరు గది యువకుడు అప్పటికే శిక్షణకై పొరుగూరు వెళ్లి యుండెను. రెండవ రాత్రియు గడచెను.

మరునాడు పదవ తరగతిలో పాఠము మాని, జరిగినదంతయు చెప్పితిని. పిల్లలు ముందు నమ్మలేదు, పిమ్మట మిక్కిలి నవ్విరి. వైరసును మొదట ఎవరు చేసిరని యొక బాలిక అడిగెను. 1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా యను 15 ఏండ్ల విద్యార్థి ఎల్క్ క్లోనర్ అను దానిని వేడుకకై వ్రాసెననియు, అది ఫ్లాపీ డిస్కుల వెంట ప్రాకి యాబదియవ పర్యాయము యంత్రమును తెరచినప్పుడు ఒక పద్యమును చూపెడిదనియు చెప్పితిని. 2000 సంవత్సరము మే నెలలో, నేను డిగ్రీ చదువునప్పుడు, ప్రేమలేఖ యను నెపమున ఫిలిప్పీన్స్ నుండి బయలుదేరిన పురుగు లోకమందలి కార్యాలయములను కలచివేసిన సంగతియు చెప్పితిని. అదియు తన తోకను దాచుకొన్న ఫైలే. దానిని తెరచినవారు చదువురాని వారు కారు.

తరువాత, క్రిందటి యేడు ఈ గదిలోనివారిలో ఒకడు ఇట్టి కష్టముతోనే నాయొద్దకు రాగా నేను వినక కసరితిననియు, అది నా తప్పనియు చెప్పితిని. ఎవరినిగూర్చి యనునది అందరికిని తెలియును. మూడవ బల్లమీది ఆ బాలుడు కిటికీ వైపు చూచుచుండెను. నవ్వులు ఆగిపోయినవి.

గంట కొట్టిన పిమ్మట వాడొక్కడు నిలిచెను. "మాస్టారూ, ఆ హెచ్చరిక ఇప్పటికిని వచ్చుచున్నదా?" అని యడిగెను. వచ్చుచున్నదంటిని. టాబ్లెట్టు నిమ్మని చేయి చాచెను. ఇచ్చితిని. వాడు బ్రౌజరు సెట్టింగులు తెరచి, నోటిఫికేషన్లు అను చోటికి పోయి, ఊరు పేరు లేని యొక సైటును చూపెను. ఆనాటి తడబాటున నేను అనుమతి నిచ్చినది దానికే. వైరసు కాదు, వట్టి కూత. వాడు దానిని ఆపివేసి, టాబ్లెట్టును నా బల్లపై పెట్టి, "మా నాన్న ఫోనులో కూడ ఇట్లే వచ్చెడిది, అప్పుడు నేర్చుకొంటిని" అని చెప్పి ఆటస్థలమునకు పరుగెత్తెను.