ఆర్డరు చీర మీద ఆకులు

తిరుపతిలో ఎక్కిన బస్సు రేణిగుంట, ఏర్పేడు దాటి శ్రీకాళహస్తి చేరేసరికి ఎండ బాగా ముదిరింది. నాతో దిగినవాళ్లంతా గుడివైపు సాగారు. నేను ఆటో ఎక్కి కలంకారీ పనిచేసే ఇళ్లవైపు వెళ్లాను. హైదరాబాదులో ఏళ్ల తరబడి కంప్యూటరు మీద చీరల డిజైన్లు గీస్తున్నదాన్ని. చేత్తో వేసే పని కూడా వస్తేనే ఈ వృత్తిలో నా అడుగు ముందుకు పడుతుందని గట్టిగా అనిపించి బయల్దేరాను.

పద్ధతి తెలియక కాదు. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే నల్లరంగుకు కావలసిన ద్రవం తయారవుతుంది. వీడియోలు చూసి అంతా నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు నేర్పడానికి ఒప్పుకున్న అక్క ఆ పేజీలు తిరగేసి, "బాగా రాసుకున్నావు మా. అది పక్కన పెట్టి ఇట్లా వచ్చి కూర్చో" అంది.

కలం అంటే కొస సన్నగా చెక్కిన వెదురుపుల్ల. కొసకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. రంగంతా ఆ ఉండలోనే ఉంటుంది. వేళ్లతో నొక్కిన కొద్దీ దిగుతుంది. ఎంత నొక్కాలో ఏ వీడియో చెప్పగలదు? పలక మీద అక్షరాలు దిద్దించినట్టు అక్క నా వేళ్ల మీద తన వేళ్లు వేసి ఒక తీగ గీయించింది. గీత ముందు లేతగానే పడింది. బట్టలోని కరక్కాయ తగిలి, చూస్తుండగానే నల్లబడింది. "లేతగా ఉందని ఇంకాస్త నొక్కాలనిపిస్తాది. ఆగు, అదే వస్తాది" అంది. నా వేళ్లు బిగుసుకోబోతున్న క్షణంలోనే ఆ మాట అంది. పక్కన మనిషి ఉండటం అంటే నాకు ఇదే.

ఆ తర్వాత, ఆర్డరుకు వేస్తున్న చీరలోనే అంచు ఆకులు నాకు అప్పగించింది. దేవుళ్ల ముఖాలు మాత్రం తనవి. నేను జంకుతుంటే, "నేనుండానుగా, వెయ్యి" అంది. ఉత్త గుడ్డముక్క మీద ఎన్నాళ్లు సాధన చేసినా ఆ శ్రద్ధ నాకు వచ్చేది కాదు.

కానీ నేను కూర్చున్న ప్రతి గంటా ఆమె కలం ఆగింది. చీర పూర్తయితేనే డబ్బులొచ్చే ఇంట్లో అది చిన్న విషయం కాదు. ఒకప్పుడు ఇక్కడ ఈ పని దాదాపు అంతరించిపోయే దశకు వచ్చింది. కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో శిక్షణ కేంద్రం పెట్టాకే కొత్త చేతులు తయారయ్యాయి. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి తండ్రి దగ్గర నేర్చుకుని, తర్వాత ఎందరికో నేర్పారు. నేర్పడాన్ని కూడా పనిగా లెక్కగట్టబట్టే ఈ విద్య నిలిచిందని నా నమ్మకం.

తిరిగొచ్చాక మా ఆఫీసులో పట్టుబట్టి ఒక ఏర్పాటు చేయించాను. అక్క నేర్పే రోజులకు కూడా చీర పని కూలి పూర్తిగా ఇస్తారు. సంక్రాంతి తర్వాత మా దగ్గర కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు వెళ్తున్నారు. వాళ్లకూ ఆర్డరు చీర మీదే పని ఇమ్మని ఫోనులో అడిగాను.

"ముందు రానీ మా, చెయ్యి చూసి చెప్తా" అంది.