విత్తనం బరువు

అనంతపురం జిల్లాలో చాలా ఏళ్లపాటు తొలకరి కబురు మోసుకొచ్చింది మేఘం కాదు, క్యూ. మే నెలాఖరుకల్లా మండల కేంద్రాల్లో సబ్సిడీ వేరుశనగ కోసం మనుషులకు బదులు చెప్పులు వరుసలో నిలబడేవి. 2020లో రైతు భరోసా కేంద్రాలొచ్చి పంపిణీ ఊళ్లోకే దిగడంతో వరుస పొట్టిదైంది. ప్రశ్న మాత్రం మిగిలింది. ఊరంతా వేరుశనగ పండించే చోట విత్తనం మరొకరు ఎందుకివ్వాలి?

జవాబు విత్తనం బరువులో ఉంది. ఎకరాకు పత్తి గింజలు అరకిలో చాలు. జొన్నలు మూడు నాలుగు కిలోలు. వేరుశనగకైతే పప్పే 60 కిలోల దాకా కావాలి. అంటే ఐదెకరాల రైతు నాలుగు క్వింటాళ్లకు పైగా కాయలు దాచాలి. పంట నూర్చిన రోజున ఆ మూటలు ఇంట్లోనే ఉంటాయి. అదే వారంలో ఎరువుల దుకాణం బాకీ, వడ్డీ వ్యాపారి కూడా గుమ్మంలో ఉంటారు. కాయలు మిల్లుకు వెళ్తాయి. ఆరేడు నెలల తర్వాత అలాంటి కాయలే ప్రభుత్వ సంచిలో, సబ్సిడీ ముద్రతో తిరిగొస్తాయి. కరువు ఏడాదిలో అమ్మడానికీ మిగలవనుకోండి, అది వేరే కథ. మామూలు ఏడాదిలో ఆ ఇంట్లో లేనిది విత్తనం కాదు, డబ్బు.

ఆఫ్రికా దక్షిణాన ఉన్న మలావీ ఇదే పాఠాన్ని పెద్ద ఎత్తున చూసింది. 1998లో అక్కడ సుమారు 28 లక్షల కుటుంబాలకు తలా 0.1 హెక్టారుకు సరిపడా మొక్కజొన్న విత్తనం, ఎరువు పంచారు. రెండేళ్లు పంట బాగా పండింది. తర్వాత సంచులు కొందరికే పరిమితమయ్యాయి. 2002లో దేశం ఆకలితో అల్లాడింది. ధాన్యం నిల్వలు అమ్మేసుకోవడం వంటి కారణాలూ ఉన్నాయి కానీ, ఏటా పైనుంచి వచ్చే సంచి ఎంత పల్చటి రక్షణో తేలిపోయింది. మలావీ, జింబాబ్వే సహా ఆరు దేశాల రైతులపై 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం వారి విత్తనాల్లో 90 శాతం సొంత నిల్వలు, ఇరుగుపొరుగు, సంతల నుంచే వస్తున్నాయి. సగం వాటా సంతదే. సాయం లారీలు మాత్రం అక్కడ ఏమీ లేదన్న లెక్కతోనే బయల్దేరతాయి.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో లారీ అవసరం లేకుండానే పని జరిగింది. 2023లో కన్నుమూసిన పి.వి. సతీష్ సహచరులతో కలిసి నిలబెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, ఎక్కువగా దళిత మహిళలే ఉన్న సంఘాలు, విత్తనాన్ని అప్పుగా ఇస్తాయి. పంటొచ్చాక రెట్టింపు కొలిచి తిరిగివ్వాలి. డబ్బు ఊసే లేదు. పైగా పండేది కొర్ర, జొన్న, కంది. అంటే ఇంట్లో ఉడికేదే.

అయితే పస్తాపూర్‌ను అనంతపురంలో అచ్చు దించడం కుదరదు. బూడిద, వేపాకు కలిపి కుండలో దాచే కొర్రలు వేరు, నాలుగు క్వింటాళ్ల కాయలు వేరు. వాటికి పురుగు పట్టని గోదాము ఊళ్లోనే కావాలి. అందులో పెట్టిన కాయల మీద నూర్పిళ్ల నాడే అప్పు పుట్టాలి. సబ్సిడీ సంచి మరో పని కూడా చేసింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేలను ఒకే పంటకు కట్టేసింది. కొర్ర, సజ్జ వెనక్కి పోయాయి. చేను మిల్లుకు నూనెగింజలిస్తే, ఇల్లు రేషన్ బియ్యం తింటోంది. ఎన్ని క్వింటాళ్ల విత్తనం పంచామో అధికారులు ఏటా ప్రకటిస్తారు. ఎన్ని ఇళ్లు సొంత విత్తనం దాచుకోగలిగాయో ఆ ప్రకటనలో వెతకనక్కర్లేదు.