చెరువుకట్టమీద ముసలమ్మ

ప్రియ చదువరీ, మీ ఊరి చెరువుకట్టమీద దయ్యమున్నదని చిన్ననాట మీరును వినియుందురు. చీకటి పడిన తరువాత కట్టమీద ఒంటరిగా నడువరాదనియు, వెనుకనుండి ఎవరు పిలిచినను తిరిగి చూడరాదనియు పెద్దలు పిల్లలకు చెప్పుచుందురు. అట్టి మాటలు పుట్టని చెరువు మన సీమలో అరుదు. నేడు నేను చెప్పబోవునదియు ఒక చెరువుకట్టను గూర్చియే. అయితే ఆ కట్టతో చేరియున్న స్త్రీకి పేరున్నది, అత్తవారిల్లున్నది, ఒక కథయున్నది.

హిందూపురమునుండి రైలులో ఉత్తరముగా పోవువారికి చెరువుల విలువ వేరుగా బోధింపనక్కరలేదు. ఇరుప్రక్కల రాతిగుట్టలు, ఎఱ్ఱనేలలు, వేరుసెనగ చేలు. ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులు రాజధానిగా చేసికొన్న పెనుకొండయు, పట్టుచీరల మగ్గములకు పేరొందిన ధర్మవరమును నిలువజేసిన నీటిని నమ్ముకొని బ్రదికిన ఊళ్లే. నేను ధర్మవరము దాటి అనంతపురములో దిగి, అక్కడికి చేరువనున్న బుక్కరాయసముద్రమునకు పోయితిని. పండమేరు వాగునకు అడ్డముగా అక్కడి చెరువును బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో కట్టించెనని చెప్పుదురు. ముసలమ్మ గుడి ఆ కట్టమీదనే యున్నది.

కథ యిది. ఒక యేట కుండపోతగా వానలు కురిసి చెరువు నిండి, కట్టకు గండిపడెను. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలియిచ్చిననేగాని కట్ట నిలువదని దేవత పలికెనట. పేరు ముసలమ్మయేగాని ఆమె పడుచు. ఊరంతయు కొట్టుకొనిపోవుటకంటె తానొక్కతె పోవుటయే మేలని ఇంటివారియొద్ద సెలవు తీసికొని, వచ్చి గండిలో నిలిచెను. నీరు ఆగెను. ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నుండగా, 1899లో, ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాసి బహుమానము పొందిరి.

కట్ట దాపున ఒక చిన్న టీ అంగడిలో కూర్చుంటిని. ప్రక్క బల్లమీద ఒక అవ్వ టీ త్రాగుచుండెను. ప్రొద్దు క్రుంకుచుండగా, “అవ్వా, ఈ వేళప్పుడు ఈ కట్టమీద నడువ భయము లేదా?” అని అడిగితిని. ఆమె నావైపు వింతగా చూచి, “సచ్చినోళ్లకు ఎందుకు భయపడాల నాయనా? కట్ట తెగితే భయపడాల గానీ” అనెను.

ఆ మాట నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. మనలో కొందరు ఇట్టి స్త్రీని దయ్యమని తలచి దూరముగా తొలగుదురు. కొందరు దేవతయని తలచి దండము పెట్టుదురు. ఈ రెండు విధములను ఒక సంగతి మరుగున పడుచున్నది. ఆమె మనవంటి మనిషి. ఆమె నీటిలోనికి దిగినప్పుడు గట్టుమీద నిలిచి చూచినవారు ఎందరో కలరు. కథ వారి పేళ్లు చెప్పదు, వారిని ప్రశ్నింపదు. న్యాయాధిపతుల గ్రంథములో తండ్రి మ్రొక్కుబడికి లోనైన యెఫ్తా కుమార్తె కథ చదివినప్పుడును నాకీ తలంపే కలుగును. అక్కడ ఆ పిల్ల పేరైనను వ్రాయబడలేదు.

కట్టలేల తెగునో ఆ కాలమువారికి తెలియదని అనుకొందమా? కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అక్కడ చెరువు కట్టించిన వైనము అందున్నది. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువునకు పండ్రెండు అంగములనియు, చెడ్డ చెరువునకు ఆరు దోషములనియు ఆ శాసనము లెక్కించుచున్నది. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. బుక్కరాయసముద్రము కట్టిన అయిదేండ్లకే చెక్కిన మాటలివి. చెమ్మ ఊటగా మారి, ఊట కన్నమై, కన్నము గండియగుననుట రాయలనాటి పనివారు ఎరిగిన సంగతియే. అటువంటప్పుడు ఊరివారు వెదకవలసినది ఊట ఎక్కడ పుట్టెనని. వారు వెదకినదో, ఎవరిని బలియిత్తమని. భయము పట్టినప్పుడు పనికంటె బలి సులువుగా కనబడును. ఆ బలి ఎన్నడును ఊరి పెద్దదికాదు, ఎవరింటి చిన్నకోడలిదో.

ఇది పాతకాలపు సంగతియని త్రోసివేయకుడు. ఆ పండమేరే 2024 అక్టోబరులో పొంగి, అనంతపురము శివారు కాలనీలలోనికి చొచ్చినది. ఇండ్లలోనుండి గిన్నెలు, బియ్యము, పిల్లల పుస్తకములు తడిసిపోయినవారు బీదలే. వాగు దారిలోను, చెరువు లోపలను ఇండ్లు లేచుచుండగా చూచి ఊరకున్నవారు నేడును గట్టుమీదివారే.

కాబట్టి, చదువరీ, ముసలమ్మను తలచినప్పుడు వణకవలదు. చచ్చినవారు కట్టలను తెంపరు. వానకాలమునకు ముందే మీ ఊరి చెరువుకట్ట వెంట ఒకమారు నడచి చూడుడు. తూముదగ్గర చెమ్మ కలదా, కట్టలో ఎలుకలు కన్నములు చేసినవా, తుమ్మచెట్ల వేళ్లు లోపలికి దిగినవా, మరువ పూడిపోయినదా? కనబడినది పంచాయతీవారికి చెప్పుడు. వారు వినకున్న మరల చెప్పుడు, పదిమందిని వెంటబెట్టుకొని పోయి చెప్పుడు. ఒక తట్ట మన్నుతో తీరు పని ముందే తీరినయెడల, గండిలో నిలుచుటకు ఏ తల్లియు ఇల్లు విడిచి రానక్కరలేదు.