అంకె పక్కన నెల కూడా రాసుకోండి

ఈ వారం ఎస్సే సాధనకు ఒక చిన్న విషయం తీసుకుందాం: నిమ్మగడ్డి. "నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ 75-85 శాతం" అని మీ నోట్స్‌లో ఎక్కడో రాసుకునే ఉంటారు. నేనూ రాసుకున్నాను. ఆ ఒక్క లైను నమ్ముకుని మా ఇంట్లో నేను చేసిన పొరపాటు చెబుతాను. మీ జవాబులకు పనికొస్తుంది.

మా నాన్న మెట్ట చేలో రెండెకరాల్లో నిమ్మగడ్డి వేశారు. పశువులు పెద్దగా ముట్టవు, ఒకసారి నాటితే నాలుగైదేళ్లు కోసుకోవచ్చు. ఊళ్లో నూనె తీసే యూనిట్ నడిపేది మాకు వరసకు మామయ్య. వేసవి కోతలో టన్ను పచ్చిగడ్డికి 6 కిలోల దాకా నూనె వచ్చింది. ఆగస్టు కోతలో 4 కిలోలు దాటలేదు. నాన్నకు అది మొదటి వానాకాలం కోత. ఢిల్లీలో ఉన్న నాకు ఫోన్ చేసి, "అదే చేను, అదే గడ్డి. నూనె ఏమైందిరా? నువ్వు బోటనీ చదివావుగా" అన్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గడ్డిలో ఉండేది మారదు నాన్నా. తూకం దగ్గర ఒకసారి చూసుకో" అన్నాను.

ఆ మాట మామయ్య చెవిన పడింది. దసరాకి వాళ్లెవరూ మా ఇంటికి రాలేదు.

తర్వాత ఆప్షనల్ రివిజన్‌లో సెకండరీ మెటబోలైట్ల పాఠం తిరగేస్తుంటే నా తప్పు తెలిసింది. సిట్రాల్ టెర్పీన్ వర్గానికి చెందిన పదార్థం. కిరణజన్య సంయోగక్రియలో సంపాదించిన కార్బన్‌తోనే మొక్క దాన్ని తయారుచేసుకుంటుంది. ముసురు రోజుల్లో ఎండ తక్కువ. పైగా వానకు గడ్డి ఏపుగా పెరిగి ఆకుల్లో నీరు ఎక్కువవుతుంది. పచ్చిగడ్డి బరువులో నీటి వాటా పెరిగితే నూనె శాతం తగ్గుతుంది. లేత ఆకులో సిట్రాల్ తయారీ చురుగ్గా ఉండి, ఆకు ముదిరేకొద్దీ మందగిస్తుంది. కాబట్టి వాన వల్ల కోత వాయిదా పడితే అక్కడా నష్టమే. తడిగడ్డిని కుప్పగా వేస్తే వేడెక్కి ఇంకొంత నూనె పోతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, గమనించండి. శాతం తగ్గడం వేరు, మొత్తం తగ్గడం వేరు. వానల్లో గడ్డి ఎక్కువ వస్తుంది కాబట్టి ఎకరాకు వచ్చిన నూనె మరీ పడిపోలేదు. అసలు దెబ్బ ఖర్చులో తగిలింది. అంతే నూనెకు ఎక్కువ ట్యాంకుల గడ్డి కాచాలి, కూలి పెరుగుతుంది. వేసవిలో నూనె తీసేసిన గడ్డినే ఎండబెట్టి బాయిలర్ కింద వేస్తారు. వానల్లో అది ఎండదు, కట్టెలు కొనాలి. ఆ కట్టెల డబ్బు పెట్టుకున్నది మామయ్యే. మేం అనుమానించిన మనిషీ అదే వానకు నష్టపోయాడు.

దీన్ని జవాబులో ఎలా వాడాలి? మూడు కోణాలు చూడండి. మొదటిది, సంప్రదాయ జ్ఞానం: ఔషధ మొక్కల వేళ్లు గ్రీష్మ, శిశిరాల్లో, బెరడు శరత్తులో సేకరించాలని చరక సంహిత కల్పస్థానంలో ఉంది. రెండోది, నాణ్యత: ఔషధ మొక్కల సాగు, సేకరణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన మార్గదర్శకాలు సరైన కాలంలో కోయమంటాయి. మూడోది, రైతు ఆదాయం: సీఎస్‌ఐఆర్ అరోమా మిషన్ గురించి రాసేటప్పుడు సాగు విస్తీర్ణంతో ఆగకండి. కోత క్యాలెండర్, దగ్గర్లో నూనె పరీక్ష, వానాకాలపు ఇంధనం ఖర్చు కూడా ప్రస్తావించండి. బారాబంకీ వైపు పుదీనా రైతులు రుతుపవనాలు రాకముందే కోత ముగించాలని ఎందుకు తొందరపడతారో ఒక వాక్యంలో చెబితే ఉదాహరణ కూడా దొరికినట్టే.

సంక్రాంతికి ఊరెళ్లి, నాన్నతో కలిసి మామయ్య ఇంటికి వెళ్లాను. తప్పు నాదేనని చెప్పాను. ఆయన లోపలికెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. మూడేళ్ల కోతలు, రైతుల వారీగా, నెలల వారీగా రాసి ఉన్నాయి. ప్రతి ఆగస్టులోనూ అందరి అంకె తగ్గింది.

"అడిగితే ఆనాడే చూపించేవాణ్ణి అల్లుడూ" అన్నాడు.

నా నోట్స్‌లో ఆ 75-85 శాతం పక్కన ఇప్పుడు "ఏ నెల? లేత ఆకా, ముదురా? ఎంత ఎండ?" అని రాసి ఉంది.

సాధన ప్రశ్న: "ఔషధ, సుగంధ మొక్కల సాగులో ఋతువుల ప్రభావం రైతు ఆదాయాన్ని, మందుల నాణ్యతను ఎలా నిర్ణయిస్తుందో చర్చించండి." (250 పదాలు, 15 మార్కులు)